కాలు నేలకు ఆనాలంటే బండిని ఎంత దించాలి?

ప్రశ్న: మాది పొదలకూరు. జూనియర్ కళాశాలలో అధ్యాపకురాలిగా పనిచేస్తున్నాను. నాన్నగారు తోట నుండి నిమ్మకాయల బస్తాలు వేసుకొని రావడానికి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 కొన్న రెండేళ్ళకే, మోకాళ్ళ నొప్పుల వల్ల నడపడం మానేశారు. ఇప్పుడు ఆ బండిని నేను నడుపుతున్నాను. నా ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు. బండి ఆపినప్పుడు నాకు కాలివేళ్ళు మాత్రమే నేలకు ఆనుతున్నాయి. నిమ్మకాయల మార్కెట్టు దగ్గర రద్దీలో రెండుసార్లు పడబోయి ఆగాను. ఒక మెకానిక్కు వెనుక స్ప్రింగులను రెండేసి చుట్లు కోస్తే సరిపోతుందంటున్నారు. ఇంకొకరు రెండంగుళాలు పొట్టిగా ఉన్న వేరే బండి షాక్ అబ్జార్బర్లు వేస్తామని, పాతవి ఇచ్చేస్తే ధర తగ్గిస్తామని అంటున్నారు. వారానికొకసారి అమ్మను వెనుక కూర్చోబెట్టుకొని నెల్లూరు వెళ్ళివస్తుంటాను. ఏవి వేయించుకోవాలి? పాతవి ఇచ్చేయవచ్చా?

సమాధానం: అమ్మా, స్ప్రింగులు కోయించవద్దు. రెండంగుళాల పొట్టి అబ్జార్బర్లు కూడా వేయించవద్దు. మీ అవసరానికి 20 మిల్లీమీటర్లు పొట్టివైన అబ్జార్బర్లు చాలునని నా అభిప్రాయం. అది కూడా, దాదాపు ఖర్చు లేని రెండు పనులు ముందుగా చేసి చూసి, అప్పటికీ కాలు అందకపోతేనే.

మొదటి పని మీ ఉత్తరంలోనే దాగి ఉంది. నాన్నగారు బస్తాలు మోసిన బండి అన్నారు కాబట్టి, వెనుక అబ్జార్బర్ల నాచ్‌ను ఆయన పై మెట్టులోనే పెట్టించి ఉంటారు. మీ బండి అబ్జార్బర్లకు స్ప్రింగును ముందుగా బిగించి ఉంచే మెట్లు ఆరు ఉన్నాయి. మెట్టు పెరిగిన కొద్దీ వెనుక భాగం పైకి లేస్తుంది. బస్తాల బరువుకు అది సరైనదే గానీ, 54 కిలోల మనిషి ఒక్కరే కూర్చుంటే ఆ స్ప్రింగు నలగవలసినంత నలగదు కనుక, బండి ఉండవలసిన దానికంటే ఎత్తుగా నిలబడుతుంది. స్ప్రింగును పట్టి ఉంచే కాలరును (తిప్పే ఉంగరాన్ని) సీ స్పానర్‌తో, అంటే కొక్కెంలాంటి పానాతో, రెండు వైపులా ఒకే మెట్టుకు, కిందికి దించించండి. ఆ కాలరు ఎన్ని మిల్లీమీటర్లు దిగితే, మీరు కూర్చున్నప్పుడు బండి వెనుక భాగం ఇంచుమించు అంత దిగుతుంది.

ఎంత దించాలన్నది కంటితో చూసి చెప్పకూడదు, టేపుతో కొలవాలి. సెంటర్ స్టాండు మీద బండిని నిలబెట్టి, వెనుక చక్రం గాలిలో ఉండగా, ఇరుసు నట్టు నుండి నిట్టనిలువుగా పైన మడ్‌గార్డు మీద అంటించిన ఒక చిన్న టేపు ముక్క వరకు ఎంత ఉందో రాసుకోండి. తరువాత బండిని స్టాండు మీద నుండి దించి, ఇంట్లోవారిని ముందు హ్యాండిల్ పట్టుకొమ్మని, మీరు రెండు కాళ్ళూ ఫుట్‌రెస్టుల మీద పెట్టి మామూలుగా కూర్చోండి. అప్పుడు అదే కొలతను మరొకరి చేత తీయించండి. ఈ రెండింటి తేడా, చక్రం పైకీ కిందికీ కదలగలిగిన మొత్తం దూరంలో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉండాలి. అంతకంటే బాగా తక్కువ వస్తే, బండి మీ బరువుకు సర్దుకోలేదని అర్థం. అమ్మగారు ఎక్కే రోజున మాత్రం ఒకటి రెండు మెట్లు మళ్ళీ పెంచుకోవలసి ఉంటుంది. అది ఐదు నిమిషాల పని.

రెండవది సీటు. క్లాసిక్ 350 సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లని కంపెనీ చెబుతుంది. అయితే కాలు అందడం ఎత్తు మీద ఎంత ఆధారపడి ఉంటుందో, సీటు ముందు భాగపు వెడల్పు మీద కూడా అంతే ఆధారపడి ఉంటుంది, ఎందుకంటే వెడల్పైన సీటు తొడలను పక్కలకు నెట్టి, కాలు నిలువుగా దిగవలసిన దారిని ఏటవాలుగా మారుస్తుంది. నెల్లూరులో సీటు కవర్లు కుట్టే దుకాణంలో, రైడరు సీటు ముందు అంచులను రెండు వైపులా చెక్కించి, కూర్చునే చోట 15 మిల్లీమీటర్ల ఫోమ్ తీయించండి. అంతకు మించి తీస్తే అడుగు రేకు తగులుతుంది, నెల్లూరు చేరేసరికి నడుము పట్టేస్తుంది. చెప్పులతో నడిపే అలవాటు ఉంటే మానేసి, అడుగు మందంగా ఉండే బూట్లు వేసుకుంటే మరికొంత కలిసి వస్తుంది.

ఈ రెండూ చేశాక కూడా పాదం ముందు సగమైనా నేల మీద ఆనకపోతే, అప్పుడు అబ్జార్బర్ల సంగతి చూద్దాం.

పొట్టి అబ్జార్బర్ల గురించి చాలామందికి ఉన్న పొరపాటు అభిప్రాయం ఏమిటంటే, అబ్జార్బరు రెండంగుళాలు తగ్గితే సీటు కూడా రెండంగుళాలు తగ్గుతుందని. మీ బండి రెండు ఇరుసుల మధ్య దూరం 1390 మిల్లీమీటర్లు. మీరు కూర్చునేది వెనుక ఇరుసుకు పైన కాదు, దానికి సుమారు 45 సెంటీమీటర్లు ముందు. ముందు చక్రం దగ్గర ఎత్తు మారదు కనుక, వెనుక ఎంత దించినా మీ సీటుకు అందులో దాదాపు మూడింట రెండు వంతులే దక్కుతుంది. అంటే 50 మిల్లీమీటర్లు దించితే మీ కాలికి కలిసి వచ్చేది 34, 20 దించితే 13 లేక 14. కానీ దించడం వల్ల కలిగే నష్టాలలో వంతులు ఉండవు, మొత్తం 50కీ చెల్లించవలసిందే. బండి వెనుకకు సుమారు రెండు డిగ్రీలు వాలుతుంది, ముందు ఫోర్కు కూడా అంతే వాలిపోతుంది, దాంతో హ్యాండిల్ మెల్లగా వెళ్ళేటప్పుడు బరువుగా, మలుపులో మొండిగా తయారవుతుంది. మార్కెట్టు రద్దీలో నిదానంగా తిప్పుకోవడమే మీకు ఇబ్బంది కదా, ఆ ఇబ్బందినే ఇది పెంచుతుంది. 20 మిల్లీమీటర్లకైతే వాలు ఒక డిగ్రీ కూడా ఉండదు, వారం రోజుల్లో చేయి అలవాటు పడిపోతుంది.

ఇక ఎంపికలో అసలైన విషయానికి వస్తాను. దుకాణంలో ఎవరైనా అబ్జార్బరు పొడవును పై కన్ను (బోల్టు పట్టే రంధ్రం ఉన్న చివర) మధ్య నుండి కింది కన్ను మధ్య వరకు, అంటే సెంటర్ టు సెంటర్ చెబుతారు. అది అబ్జార్బరు పూర్తిగా సాగి ఉన్నప్పటి పొడవు. మీరు అడగవలసిన రెండో కొలత ఒకటి ఉంది: పూర్తిగా నలిగినప్పుడు దాని పొడవు ఎంత? బండి ప్రాణం ఈ రెండో కొలతలో ఉంది. లెక్క తేలిక కోసం, మీ పాత అబ్జార్బరు సాగినప్పుడు 340, రాడ్డు లోపలికి వెళ్ళగలిగేది 80 అనుకుందాం, అప్పుడు నలిగిన పొడవు 260 అవుతుంది. మీకు ఇస్తామన్న రెండంగుళాల పొట్టిది 290 ఉండి, దాని రాడ్డు కూడా 80 వెళ్ళేదైతే, అది 210 వరకు నలుగుతుంది. అంటే బండి తయారుచేసినవారు చక్రాన్ని ఆపిన చోటు కంటే 50 మిల్లీమీటర్లు పైకి, నేరుగా మడ్‌గార్డులోకి, చక్రం వెళుతుంది. అలా కాక 320 పొడవు ఉండి, రాడ్డు 60 మాత్రమే వెళ్ళే అబ్జార్బరు తీసుకుంటే, నలిగిన పొడవు పాతదానిలాగే 260 దగ్గర ఆగుతుంది, చక్రం ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతుంది. కొత్తదాని నలిగిన పొడవు పాతదాని కంటే తక్కువ ఉండకూడదు. దుకాణదారు ఈ కొలత చెప్పలేకపోతే అక్కడ కొనకండి. పాతదాని కొలత తెలుసుకోవడానికి స్ప్రింగు చుట్ల సందుల్లోంచి మెరిసే రాడ్డు ఎంత పొడవు కనిపిస్తోందో చూసి, దాని మీద ఉన్న రబ్బరు దిమ్మ నలిగిపోయాక మిగిలే మందాన్ని అందులోంచి తీసేస్తే, రాడ్డు ఎంత దూరం వెళుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

ఈ లెక్క తెలియక నేను చేసిన పని ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట నా పాత బండికి, అందంగా ఉంటుందని, వేరే బండి పొట్టి అబ్జార్బర్లు నేనే బిగించుకున్నాను. ఒక్కడినే తిరిగినన్నాళ్ళు ఏమీ కాలేదు. ఒక రాత్రి భార్యనూ, ముందు ట్యాంకు మీద మొలగొలుకుల బియ్యం సంచినీ పెట్టుకొని బుచ్చిరెడ్డిపాళెం నుండి కోవూరు వైపు వస్తుండగా, స్పీడ్ బ్రేకరు మీద వెనుక నుండి చర్రుమని శబ్దం వచ్చింది. బండి ఆగలేదు కనుక నేనూ ఆగలేదు. కొంత దూరం పోయాక వెనుక వస్తున్న లారీ హారను మోగిస్తూ పక్కకు వచ్చింది, క్లీనరు తల బయటపెట్టి, వెనుక లైటు లేదని అరిచాడు. దిగి మడ్‌గార్డు కింద చేయి పెట్టి చూస్తే, లోపలి వైపు క్లిప్పులతో కట్టి ఉన్న వెనుక లైటు వైర్ల తొడుగును టైరు కొరికేసి, రాగి తీగలు బయటపడి ఉన్నాయి. అవి బాడీకి తగలడంతో ఫ్యూజు పోయింది. ఇంటికి వెళ్ళేదాకా మా ఆవిడ టార్చి లైటు వెనుకకు చూపిస్తూ కూర్చుంది. ఆ సంగతి ఇప్పటికీ చుట్టాల ముందు చెబుతూనే ఉంటుంది.

సరైన నలిగిన పొడవు ఉన్న అబ్జార్బరు తీసుకున్నా, అందులోని స్ప్రింగు విషయం మిగిలి ఉంటుంది. రాడ్డు వెళ్ళే దూరం తగ్గింది కనుక, అదే గుంత దెబ్బను తక్కువ దూరంలో తట్టుకోవాలి. స్ప్రింగు తనలో దాచుకోగలిగిన శక్తి, అది నలిగిన దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. 80 నలిగే చోట అదే స్ప్రింగు 60 మాత్రమే నలిగితే, అది తీసుకోగలిగేది పాతదానిలో సగానికి కొంచెం మించి, 56 శాతం. మిగిలినదంతా రబ్బరు దిమ్మ మీదికీ, ఆపైన మీ నడుము మీదికీ పోతుంది. అందువల్ల పొట్టి అబ్జార్బరులో స్ప్రింగు పాతదాని కంటే కొంత గట్టిగా ఉండాలి. అలాగని మరీ గట్టిది తీసుకుంటే, మీ 54 కిలోలకు అది అసలు నలగక, బండి ఎత్తుగానే నిలబడి, దించిన ప్రయోజనమే పోతుంది. మీ ఒక్కరి బరువు కాకుండా, అమ్మగారితో కలిపిన బరువును దుకాణంలో చెప్పి, దానికి తగిన స్ప్రింగుతో, దానికి తగిన డాంపింగుతో (స్ప్రింగు ఊపును లోపలి ఆయిల్ అదుపు చేసే ఏర్పాటుతో) జతగా తయారైన అబ్జార్బరునే అడగండి. గట్టి స్ప్రింగు నలిగాక వేగంగా తిరిగి సాగుతుంది. ఆ వేగాన్ని ఆపే డాంపింగు లోపల లేకపోతే ప్రతి స్పీడ్ బ్రేకరు తరువాత వెనుక సీటు ఎగిరెగిరి పడుతుంది. పాత అబ్జార్బరులో వేరే స్ప్రింగు వేయించే పని మంచిది కాదనడానికి కారణం ఇదే.

కోసిన స్ప్రింగు సంగతీ ఇక్కడే తేలిపోతుంది. పది చుట్లు పనిచేసే స్ప్రింగులో రెండు చుట్లు తీసేస్తే, మిగిలిన ఎనిమిది చుట్ల స్ప్రింగు 25 శాతం గట్టిపడుతుంది. కానీ గట్టిపడిన స్ప్రింగుకు తగ్గట్టు డాంపింగు మారదు, రాడ్డు పొడవు మారదు కనుక నలిగిన పొడవూ మారదు. పైగా బండిని సెంటర్ స్టాండు ఎక్కించినప్పుడు అబ్జార్బరు పూర్తిగా సాగుతుంది, కోసిన స్ప్రింగు మాత్రం అంత పొడవు ఉండదు కాబట్టి, గిన్నెలో గరిటెలాగా లోపల కదులుతూ ఉంటుంది. గ్యాసు కట్టరుతో కోస్తే ఆ చివర స్టీలు పదును కూడా పోతుంది.

డబ్బు పెట్టేముందు చేసి చూసుకోదగిన ఒక పరీక్ష ఉంది. నెల్లూరు ఆటోనగర్‌లో ఏ లేతు షాపులోనైనా 25 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పట్టీలు రెండు జతలు కోయించి, ఒక్కొక్క పట్టీకి రెండు చివర్లా మీ బండి అబ్జార్బరు బోల్టు పట్టే రంధ్రం వేయించండి. మొదటి జతలో రంధ్రాల మధ్య దూరం, మీరు కొనాలనుకుంటున్న అబ్జార్బరు పొడవులో నుండి మీరు కూర్చుంటే నలిగే దూరాన్ని తీసేసినంత ఉండాలి. పైన చెప్పిన లెక్కలో 320 నుండి 20 తీస్తే 300. రెండో జతలో నలిగిన పొడవు, అంటే 260. అబ్జార్బర్లు విప్పించి, మొదటి జత పట్టీలు బిగించి, గోడ పక్కన బండి మీద కూర్చోండి. కాలు ఎంత ఆనుతుందో కొనకముందే మీకు తెలుస్తుంది. ఆ ఎత్తు చాలదనిపిస్తే అబ్జార్బరును ఇంకా తగ్గించవద్దు, సీటు దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. తరువాత బండిని సెంటర్ స్టాండు మీద ఉంచే, జాకీతో చక్రాన్ని ఎత్తి రెండో జత బిగించి, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య మీ బొటనవేలు అడ్డంగా దూరుతుందేమో, లోపలి వైర్లు ఎక్కడ పోతున్నాయో, చైను కవరు ఎక్కడైనా ఒరుసుకుంటోందేమో టార్చి వేసి చూడండి. ఆ పట్టీలతో మాత్రం బండిని గజం దూరం కూడా నడపకూడదు.

అబ్జార్బరు తీసుకునేటప్పుడు పై కన్ను, కింది కన్ను బుష్షు (కన్నులో బిగించి ఉండే గొట్టంలాంటి తొడుగు) రంధ్రాల కొలతలూ, బుష్షు వెడల్పూ మీ బండివే అయి ఉండాలి. వాషర్లు వేసి సర్దేస్తామంటే ఒప్పుకోకండి. స్ప్రింగు లావుగా ఉంటే సైలెన్సర్‌కు గానీ చైను కవరుకు గానీ తగులుతుంది, అది కూడా చూడాలి. పక్కన చిన్న సీసాలాంటిది తగిలించి ఉన్నవి చూడముచ్చటగా ఉంటాయి. చవక రకాలలో ఆ సీసా చాలాసార్లు ఉత్త అలంకారమే, దానికి ధర ఇవ్వనవసరం లేదు. కింది కన్నును తిప్పి పొడవును 10 మిల్లీమీటర్ల వరకు మార్చుకోగలిగే రకాలు దొరుకుతాయి. మీరు ఎత్తు ఎంత దించాలో ఇంకా తేల్చుకోలేదు కనుక, కాస్త ఎక్కువ ధరైనా వాటికే నా ఓటు.

బిగించిన రోజే మూడు పనులు చేయించుకోవాలి. వెనుక దిగితే హెడ్‌లైటు పైకి చూస్తుంది. 20 మిల్లీమీటర్లు దించినా, పది మీటర్ల దూరంలోని గోడ మీద వెలుగు సుమారు 14 సెంటీమీటర్లు పైకి పోతుంది. అది ఎదురుగా వచ్చే వారి కళ్ళలో పడుతుంది, మీ ముందున్న గుంత మీద పడదు. అబ్జార్బర్లు మార్చకముందే, మీరు బండి మీద కూర్చొని ఉండగా గోడ మీద సుద్దముక్కతో వెలుగు అంచుకు గీత గీయించి పెట్టుకుంటే, తరువాత అదే గీతకు సర్దించవచ్చు. రెండవది సైడ్ స్టాండు. బండి దిగినా స్టాండు పొడవు అంతే ఉంటుంది కనుక, బండి వాలకుండా నిటారుగా నిలుస్తుంది, మార్కెట్టు దగ్గర కాస్త ఏటవాలు నేల మీద ఎవరి భుజమో తగిలితే అవతలి వైపుకు పడుతుంది. 195 కిలోల బండి పడితే ఒక్కరే లేపడం కష్టం. స్టాండును ఒకేసారి ఎక్కువ కోయకుండా, కొద్దికొద్దిగా తగ్గించి, పాదాన్ని మళ్ళీ వెల్డింగు చేయించండి. సెంటర్ స్టాండు ఎక్కించడం ఇక నుంచి కొంచెం బరువవుతుంది, దాన్ని మాత్రం కోయించకండి, కింద పలుచని చెక్క ముక్క మీదికి వెనుక చక్రాన్ని ఎక్కించి స్టాండు వేస్తే సరిపోతుంది. మూడవది చైను. బండి కూర్చునే ఎత్తు మారితే చైను వదులు మారుతుంది. గేరుబాక్సు స్ప్రాకెట్టు, స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టి పైకీ కిందికీ కదిలే చేయి) ఇరుసు, వెనుక చక్రం ఇరుసు ఒకే వరుసలోకి వచ్చే స్థితిలో చైను అన్నిటికంటే బిగువుగా ఉంటుంది. ఆ స్థితిలో కూడా కొంచెం వదులు ఉండేలా చూసి బిగించమని చెప్పండి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణతో చేరిన 182ఎ సెక్షను, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5000 రూపాయల జరిమానాను గానీ ఆరు నెలల వరకు జైలును గానీ, రెండింటినీ గానీ విధించవచ్చునంటుంది. కాబట్టి చట్రాన్ని కోయడం, అబ్జార్బరు బిగించే చెవులను జరిపి వెల్డింగు చేయడం వంటి పనులకు ఎవరు సలహా ఇచ్చినా వద్దనండి. బోల్టులతో విప్పి, మళ్ళీ మొదటిలాగే బిగించగలిగే మార్పుకే పరిమితం కండి. దాన్ని కూడా వేయించేముందు బీమా సంస్థకు ఒక ఉత్తరం రాసి వారి జవాబు దగ్గర ఉంచుకోండి. వారంటీ మిగిలి ఉంటే సర్వీసు సెంటరులో ముందే అడగండి.

పాత అబ్జార్బర్ల విషయం. వాటిని మెకానిక్కుకు ఇవ్వకండి. తగ్గించే ధర ఎంతైనా, అవి మళ్ళీ కావలసిన రోజున కొత్తవాటికి పెట్టే ఖర్చుకు సాటిరాదు. నాన్నగారి మోకాళ్ళు కుదుటపడితే ఆయన ఈ బండినే అడుగుతారు, మీరు అమ్మదలచుకుంటే కొనేవారూ అసలైన అబ్జార్బర్లనే అడుగుతారు. తుడిచి, రాడ్డుకు పలుచగా నూనె రాసి, నిలువుగా, బండి మీద ఎలా ఉండేవో అలాగే నిలబెట్టి ఉంచండి. అడ్డంగా పడుకోబెడితే లోపలి ఆయిల్‌లోకి గాలి చేరుతుంది. ఎప్పుడైనా మళ్ళీ బిగించేటప్పుడు, నిలువుగానే పట్టుకొని పదిసార్లయినా అదిమి వదలమని మెకానిక్కుకు చెప్పండి. దుకాణంలో అట్టపెట్టెలో అడ్డంగా పడి ఉన్న కొత్త అబ్జార్బర్లకు కూడా, బిగించేముందు అలాగే చేయించండి.